కల ‘కంటాం’ కానీ ‘చూడం’: ‘చూచు’ అనే క్రియ చుట్టూ మూడు ప్రశ్నలు

ప్రశ్న: మేము చాలా ఏళ్లుగా అమెరికాలో, డాలస్ నగరంలో ఉంటున్నాము. మా అమ్మాయికి తొమ్మిదేళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడుతుంది. మొన్న పొద్దున లేస్తూనే, ‘అమ్మా, రాత్రి నేనొక కల చూశాను’ అంది. ‘కల కన్నాను’ అనాలని చెప్పాను. ‘కనడమంటే పిల్లల్ని కనడం కదా, కలను ఎలా కంటారు?’ అని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. కనడం, చూడడం ఒకటేనా? ఒకటే అయితే ‘కల చూశాను’ ఎందుకు తప్పు? పిల్లల్ని కనడానికి కూడా అదే మాట ఎందుకు వచ్చింది?
– ఒక పాఠకురాలు, డాలస్

జవాబు: మీ అమ్మాయి అన్న మాటను పెద్ద తప్పుగా తీసుకోకండి. ‘కను’ అనే క్రియకు ‘చూచు’ అనే అర్థం నేటి వాడుకలో విడిగా నిలబడి లేదు. ‘సంతలో ఏనుగును కన్నాను’ అని ఈనాడు ఎవరూ అనరు. పాత కావ్యభాషలో మాత్రం ‘కనియె’, ‘కాంచె’ అనే రూపాలు అడుగడుగునా ఎదురవుతాయి. మన నోట ఆ అర్థం కొన్ని పలుకుబళ్లలో, జంటపదాలలో తలదాచుకుని మిగిలింది. ‘కనీ వినీ ఎరుగని వాన’ అన్నప్పుడు ఆ కనడం చూడడమే. ‘కన్నూ మిన్నూ కానక’ అన్నప్పుడు ‘కానక’ అంటే చూడలేక అని. కనబడు, కనిపించు, కనుగొను, కనిపెట్టు, కానరాదు – అన్నిటిలోనూ ఉన్నది ఆ పాత ‘కను’ ధాతువే. కల కనడం ఆ కోవలోదే. తొమ్మిదేళ్ల పిల్లకు ఈ క్రియ పిల్లల్ని కనడంలో తప్ప విడిగా వినపడే అవకాశమే లేదు కనుక, ఆ పిల్ల తన చెవిని నమ్మి మాట్లాడింది.

ఇక కనడం, చూడడం ఒకటేనా అన్నది అసలు ప్రశ్న. నిఘంటువు తెరిస్తే ఒకదానికి మరొకటి అర్థంగా కనిపిస్తుంది. వాడుకను వింటే మాత్రం రెండింటి మధ్య చక్కని తేడా తెలుస్తుంది. చూడడం మనం పూనుకొని చేసే పని. కనబడడం మన ప్రమేయం లేకుండా కంటికి వచ్చి తగిలేది. ‘గంటసేపు చూశాను, కనబడలేదు’ అని కళ్లజోడు పోగొట్టుకున్న ప్రతి ఇంట్లోనూ అంటారు. ఈ వాక్యంలో చూడడం గంటసేపు జరిగింది, కనబడడం మాత్రం ఒక్క క్షణమైనా జరగలేదు. రెండూ ఒకటే అయి ఉంటే ఈ వాక్యానికి అర్థమే ఉండేది కాదు.

వాక్యనిర్మాణం కూడా ఈ తేడాను పట్టి ఇస్తుంది. ‘నేను చూశాను’ అంటాము. అక్కడ నేను కర్తను. ‘నాకు కనబడింది’ అంటాము. అక్కడ కనబడిన వస్తువు కర్త, నేను షష్ఠిలోని ‘కు’ తగిలించుకుని పక్కకు తప్పుకున్నాను. నాకు ఆకలేసింది, నాకు జ్వరం వచ్చింది, నాకు గుర్తుంది, నాకు నిద్ర పట్టింది – మన చేతిలో లేని వాటన్నిటికీ తెలుగు ఈ ‘నాకు’ అనే వాక్యనిర్మాణాన్నే వాడుతుంది. కల విషయంలో కూడా ‘నాకు కల వచ్చింది’ అనడమే ఎక్కువ వాడుక. కల మనం తలచుకుంటే వచ్చేది కాదు, వద్దంటే ఆగేది కాదు. అందుకే దానికి ‘చూచు’ పొసగక ‘కను’ నిలిచింది. ‘కలలో మా తాతయ్యను చూశాను’ అనవచ్చు, అందులో తప్పు లేదు. చూసినది తాతయ్యను కానీ కలను కాదు.

ఇది తెలుగుకు మాత్రమే ఉన్న అలవాటు కూడా కాదు. తమిళులు ‘కనవు కండేన్’ అంటారు, కన్నడిగులు ‘కనసు కండె’ అంటారు. ఆ రెండు భాషల్లోనూ మామూలుగా చూడడానికి వేరే క్రియలు ఉన్నాయి – తమిళంలో ‘పార్’, కన్నడంలో ‘నోడు’ – అయినా కల దగ్గరికి వచ్చేసరికి ఆ క్రియలను పక్కన పెట్టి మనలాగే ‘కాణ్’ అనే పాత ధాతువును పట్టుకుంటారు. హిందీలో మాత్రం కలను చూస్తారు, ‘సప్నా దేఖా’ అంటారు. హిందీ, ఉర్దూలతో కలిసి బతికే ఊళ్లలో పిల్లలు ‘కల చూసిన’ అనడం నేను విన్నాను. మీ ఇంట్లో ఆ పని వేరే భాష ఏదైనా చేసిందో, పిల్ల తనకు తానే అల్లుకున్నదో చెప్పలేము కానీ, దారి మాత్రం అదే.

ఈ తేడాను నాకు పుస్తకాల కంటే ముందు నేర్పింది మా అమ్మమ్మ. ఆవిడకు చివరి ఆరేడేళ్లు కళ్లు కనబడలేదు. సెలవులకు వెళ్లినప్పుడు మమ్మల్ని ఒక్కొక్కరినీ మంచం దగ్గరకు పిలిచి, ‘ఏదీ, నిన్ను చూడనీ’ అంటూ రెండు అరచేతులతో నుదుటి నుంచి గడ్డం దాకా నెమ్మదిగా తడిమేది. బొటనవేళ్లు చెంపల దగ్గర ఒకింత ఆగేవి. ‘కిందటేడు కంటే చిక్కావు’ అనేది. ఆ మాట ఎప్పుడూ నిజమే అయ్యేది. ‘కనబడదు గానీ చూస్తున్నాగా’ అని ఆవిడ అన్న వాక్యంలో కను, చూచు అనే రెండు ధాతువులూ తమ తమ చోట్ల సరిగ్గా ఉన్నాయి. కంటికి తగలడం ఆగిపోయింది, పూనుకొని తెలుసుకోవడం ఆగలేదు. (‘చూపు పోయింది’ అని కూడా అంటాము కదా అని ఎవరైనా అడగవచ్చు. ‘చూపు’ అనే నామం చూసే పనికీ, చూడగల శక్తికీ రెండింటికీ చెల్లుతుంది. క్రియకు మాత్రం ఆ వెసులుబాటు లేదు.)

పిల్లల్ని కనడం సంగతి. ‘తల్లి బిడ్డను మొదటిసారి కంటితో చూస్తుంది కనుక కన్నతల్లి అయింది’ అని ఉపన్యాసాలలో చెప్పడం వినే ఉంటారు. వినడానికి ఎంతో బాగుంటుంది కానీ అది నిజం కాదు. ఇవి రెండు వేరు వేరు ధాతువులు, కాలక్రమంలో ఒకే రూపానికి వచ్చి చేరాయి. చూచుట అనే అర్థంలోని ‘కను’ తమిళ ‘కాణ్’తో, మన కన్నుతో, తమిళ ‘కణ్’తో కలుస్తుంది. దాని అసలు హల్లు ణకారం. తెలుగులో ఆ ణకారం నకారంగా మారింది: తమిళ ‘మణ్’ మన మన్ను, తమిళ ‘వెణ్ణెయ్’ మన వెన్న, అలాగే ‘కణ్’ మన కన్ను. ప్రసవించుట అనే ‘కను’ది వేరే వంశం. తమిళంలో దూడను ‘కన్ఱు’ అంటారు. మన భాషలో ‘పసికందు’ అనే మాటలోని ‘కందు’ ఆ కుటుంబానిదే. అక్కడ మొదటి నుంచీ ఉన్నది నకారమే. ణకారం నకారం కాగానే తెలుగులో రెండు క్రియల మధ్య గీత చెరిగిపోయింది. కాబట్టి మీ అమ్మాయికి రెండూ వేర్వేరు మాటలని, పలకడం మాత్రమే ఒకటైందని చెప్పండి. పసికందును కంటాము, కలను కూడా కంటాము, ఆ రెండు కనడాలకూ చుట్టరికం లేదు.

చూచు వైపు కూడా ఇలాంటి మోసమే ఒకటి ఉంది. ‘చూడి ఆవు’ (కడుపుతో ఉన్న ఆవు) అన్నప్పటి చూడికీ, చూడడానికీ సంబంధం లేదు. అది ‘చూలు’, ‘చూలాలు’ అనే మాటల పక్కది. చూడామణిలోని ‘చూడా’ అసలు తెలుగే కాదు, శిఖ అనే అర్థం గల సంస్కృత పదం.

ప్రశ్న: నేను కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలో ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుణ్ణి. మా బడిలో గోండు పిల్లలు ఎక్కువ. వారు ఇంట్లో చూడడానికి వాడే మాట మన ‘చూడు’కు చాలా దగ్గరగా వినిపిస్తుంది. వారు తెలుగు నుంచి తీసుకున్నారా, లేక మనమే వారి నుంచి తీసుకున్నామా?
– ఒక ఉపాధ్యాయుడు, ఆసిఫాబాద్

జవాబు: ఎవరూ ఎవరి నుంచీ తీసుకోలేదు. ఒకే ఇంటి ఆస్తి ఇద్దరికీ పంపకంలో వచ్చింది.

తమిళ, కన్నడ, మలయాళాలలో చూడడానికి వాడే క్రియలు పార్, నోడు, నోక్కు. వీటిలో ఏదీ మన ‘చూచు’ను పోలదు. దక్షిణాదివారితో పోల్చుకుంటే తెలుగు ఒంటరిగా కనిపిస్తుంది. ముఖం ఉత్తరానికి, ఈశాన్యానికి తిప్పితే మాత్రం చుట్టాలు వరుసగా కనబడతారు. గోండీలో ఈ ధాతువు ప్రాంతాన్ని బట్టి ఒకచోట సకారంతోనూ మరొకచోట హకారంతోనూ మొదలవుతుంది: సూడ్, హూడ్. చివరి హల్లును నాలుక కొసను వెనక్కి మడిచి కొట్టి పలుకుతారు. మన ‘డ’ అచ్చుల మధ్య పలికినట్లే ఉంటుంది కాబట్టి ఇక్కడ ‘డ’తో రాశాను. అరకు, పార్వతీపురం కొండల్లో మాట్లాడే కొండ భాషలోనూ, ఒడిశా కొండల్లోని కుయి, కువి, పెంగో భాషల్లోనూ ఇదే ధాతువు ఇలాంటి రూపాలతోనే ఉంది. ఈ భాషలన్నిటినీ తెలుగుతో కలిపి భాషాశాస్త్రవేత్తలు ద్రావిడ కుటుంబంలో ఒక ఉపశాఖగా లెక్కిస్తారు. ఈ శాఖ పరిశోధనలో మన భద్రిరాజు కృష్ణమూర్తిగారి కృషి చాలా పెద్దది. తెలుగు క్రియాధాతువుల మీద ఆయన గ్రంథం 1961లో వెలువడింది. కొండ భాషను ఆయన స్వయంగా ఆ కొండల్లో మనుషుల నోట విని, వ్యాకరణం రాసి, 1969లో ప్రచురించారు.

మనం ‘చూచు’ అని రాస్తాము, కానీ ధాతువు అసలు రూపాన్ని వెతకాలంటే ఆ రూపం వదిలి చూడు, చూడక, చూడగా, చూడ్కి అనే వాటిని పట్టుకోవాలి. వాటిలోని డకారం అసలు సొత్తు. చూచులోని రెండో చకారం తరువాత చేరిన ప్రత్యయం. ఆ డకారం కూడా మొదట డకారం కాదు. తమిళ్ అనే పేరు చివర ఉండే ఆ ప్రత్యేకమైన ళకారం ఉంది కదా, అది తెలుగులో తరచుగా డకారమైంది. వారి ఏళు మన ఏడు, వారి కోళి మన కోడి, వారి మేళి మన నాగలి మేడి, చోళులు మనకు చోడులు. కడప ప్రాంతాన్ని ఏలిన రేనాటి చోడుల శాసనాల కాలానికి తెలుగులోనూ ఆ ధ్వని ఉండేది, దానికి ప్రత్యేకంగా ఒక అక్షరం కూడా ఉండేది. తరువాత ధ్వని పోయింది, అక్షరమూ పోయింది.

ఈ లెక్క ప్రకారం తమిళంలో మన ధాతువు ‘సూళ్’ అనే రూపంలో ఉండాలి. ఉంది. అయితే దాని అర్థం కంటితో చూడడం కాదు. ఆలోచించడం, మంతనం చేయడం, ఉపాయం పన్నడం. నేటి తమిళంలో ‘సూళ్చ్చి’ అంటే కుట్ర. పాత తమిళంలో అది మంచి అర్థంలోనే, మంత్రాలోచన అనే అర్థంలో నడిచింది. తమిళుల నీతిగ్రంథం తిరుక్కురళ్‌లో 445వ కురళ్ ఈ సందర్భంలో నాకు ఎంతో ఇష్టం. మంత్రాలోచన చేసేవారినే కళ్లుగా పెట్టుకుని రాజు నడుస్తాడు కాబట్టి, ఆ ఆలోచన చేసేవారిని బాగా ఆలోచించి ఎంచుకోవాలి అని దాని భావం. రెండు పాదాల పద్యంలో ఈ ధాతువు మూడుసార్లు వస్తుంది, దాని పక్కనే ‘కణ్’ అనే మాట కూర్చుని ఉంటుంది. తెలుగులో కంటితో చేసే పని, తమిళంలో మనసుతో చేసే పని. రెండు అర్థాలనూ కలిపే లంకె ఆ పద్యంలో చేతికి అందినంత దగ్గరగా ఉంది.

తెలుగులో ఆ మనసు పని పూర్తిగా పోయిందని కూడా అనుకోవద్దు. పిల్లవాడు సైకిలు కొనమని అడిగితే తండ్రి ‘చూద్దాంలే’ అంటాడు. ఆఫీసులో అర్జీ ఇస్తే ‘చూస్తాము’ అంటారు. అక్కడ కంటితో చూసేది ఏమీ లేదు. ఆలోచిద్దాము అని అర్థం. సంబంధం చూడడం, ముహూర్తం చూడడం, జాతకం చూడడం, లాభం చూసుకోవడం – అన్నీ మంచిచెడ్డలు తూచి నిర్ణయించడమే. పెళ్లిచూపులలో కళ్లు కొద్దిసేపే పనిచేస్తాయి, మిగతాదంతా ఇరువైపులవారి మంత్రాలోచన. మీ బడిలో గోండు పిల్లలకు ఈ ఒక్క క్రియ దగ్గర వారి భాషా మీ భాషా అక్కాచెల్లెళ్లని చెప్పండి. తెలుగు తమకు బొత్తిగా పరాయిదన్న బెరుకు కొంతైనా తగ్గుతుంది. పలకను బల్ల మీద పెట్టి మీరు ‘చూడు’ అనండి, వారిని తమ మాట చెప్పమనండి, రెండింటినీ పక్కపక్కన రాయించండి. ఈ పని చేసిన బడి ఒకదానిని నేను చూశాను. ఆ పూట పిల్లలు తమ ఇంటి మాటలు ఇంకో ముప్పై దాకా తెచ్చి నల్లబల్ల నింపేశారు.

ప్రశ్న: పాత వచనంలో ‘చంపఁజూచెను’ అని ఉంటే మా స్నేహితుడు ‘చంపి చూశాడు’ అని అర్థం చెప్పాడు. నాకు నచ్చలేదు. సరైన అర్థం ఏమిటి? చూచు అన్నది జూచు ఎందుకైంది? అలాగే ‘చూచి’, ‘చూసి’, ‘చూసాను’, ‘చూశాను’ – వీటిలో ఏది రాయాలి?
– ఒక విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: చివరి సందేహం చిన్నది కనుక దానిని ముందు తీరుస్తాను. గ్రాంథిక రూపం ‘చూచి’. నేటి వ్యవహారంలో, పత్రికలలో ‘చూసి’ స్థిరపడింది. రెండూ సాధువులే. ఒకే వ్యాసంలో రెండింటినీ కలపడం మాత్రం బాగుండదు. ‘చూశాను’ అని శకారంతో రాయడమే మేలు: చూసినాను అన్నది కుదించుకుని చూశాను అయింది, చేసినాడు చేశాడు, కోసినాడు కోశాడు అయినట్లు. ‘సి’లోని ఇకారం పోతూ పోతూ తన గుర్తుగా శకారాన్ని వదిలి వెళ్లింది. తెలంగాణలో ‘చూసిండు’ అనీ, రాయలసీమలో ‘చూసినాడు’ అనీ పలికేటప్పుడు ఆ ఇకారం పోలేదు, అందువల్ల అక్కడ సకారం అలాగే నిలిచింది.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాము. మీ స్నేహితుడు చెప్పిన అర్థం తప్పు, మీ చెవి సరిగానే ఉంది. ‘చంపి చూశాడు’ అంటే చంపడం పూర్తయింది, దాని ఫలితమేమిటో తరువాత గమనించాడు అని. ‘చంపఁజూచెను’ అంటే చంపడానికి ప్రయత్నించాడు, చంపలేదు. రెండు వాక్యాల మధ్య ఒక ప్రాణం ఉంది.

చూచు అనే క్రియ మరొక క్రియ వెనుక చేరి సహాయం చేసే తీరులు రెండు. ఒకటి, ఇకారంతో ముగిసే క్త్వార్థకం (ముందు పని ముగిసిందని చెప్పే అసమాపక రూపం) మీద: అడిగి చూడు, తిని చూడు, వేసుకుని చూడు. ఇక్కడ మొదటి పని జరిగిపోతుంది, దాని పర్యవసానం ఏమిటో తెలియదు, ఆ తెలియనిదాని కోసం చూడమంటున్నాము. రెండవది, తుమర్థకం (‘చేయడానికి’ అనే అర్థం ఇచ్చే రూపం) మీద, అంటే ‘చంపన్’, ‘పోన్’, ‘దాఁచన్’ వంటి రూపాల మీద: పారిపోజూచు, దాచజూచు, మోసగించజూచు. ఇక్కడ మొదటి పనే ఇంకా జరగలేదు, దానికి సందు ఎక్కడ దొరుకుతుందా అని చూడడం మాత్రమే జరిగింది. ‘తిని చూశాడు’ అంటే నోట్లో పెట్టుకున్నాడు. ‘తినజూశాడు’ అంటే ఇంకా పెట్టుకోలేదు.

జకారం ఎలా వచ్చిందో కూడా ఈ రెండవ తీరులోనే ఉంది. తుమర్థకం చివర నకారం ఉంటుంది, అది ద్రుతం. ‘ద్రుతప్రకృతికము మీఁది పరుషములకు సరళము లగు’ అని చిన్నయసూరి బాలవ్యాకరణంలో సూత్రం. అంటే ద్రుతం తరువాత వచ్చే క, చ, ట, త, ప లు గ, జ, డ, ద, బ లవుతాయి. చంపన్ + చూచె అన్నప్పుడు చకారం జకారమై, నకారం అరసున్నగా మారి, చంపఁజూచె అవుతుంది. అరసున్న రాయడం మానేశాము, అయినా జకారం మన నోట అలాగే ఉంది. క్త్వార్థకం చివర ద్రుతం లేదు కనుక ‘అడిగి చూచె’ దగ్గర చకారం కదలదు. అంటే, జకారం వినబడితే పని పూర్తి కాలేదని, చకారం వినబడితే పూర్తయిందని గుర్తు. ఒక్క అక్షరం భేదంతో భాష ఇంత పని చేయించుకోవడం నాకు ఎప్పటికీ అబ్బురంగానే ఉంటుంది.

చూడడం ప్రయత్నించడం ఎలా అయింది అన్నది మీరు అడగలేదు, కానీ పై రెండు జవాబులతో అది ముడిపడి ఉంది. చూడడం తెలుగువారికి మొదటి నుంచీ పూనుకొని చేసే పని, దాని వెనుక ఆలోచన ఉంది. అలాంటి క్రియ కంటికే అంటిపెట్టుకుని ఉండాల్సిన అవసరం లేదు. వంటింట్లోకి వెళ్లి వినండి. ‘చారులో ఉప్పు చూడమ్మా’ అని అమ్మ కేకేస్తుంది. కూతురు గరిటెతో రెండు చుక్కలు అరచేతిలో పోసుకుని, ఊదుకుని, నాలుకతో అందుకుంటుంది. ఉప్పు ఎప్పుడో కరిగిపోయింది, కంటికి కనబడేదేమీ మిగలలేదు, అయినా చూసింది. అన్నం ఉడికిందో లేదో రెండు వేళ్ల మధ్య మెతుకు నలిపి చూస్తారు. పువ్వును వాసన చూస్తారు. వైద్యుడు మణికట్టు పట్టుకుని నాడి చూస్తాడు. గాయకుడు తంబుర మీటి శ్రుతి సరిచూసుకుంటాడు. కొబ్బరికాయను చెవి దగ్గర ఆడించి నీళ్లున్నాయో లేదో చూస్తారు. నాలుక, వేలికొస, ముక్కు, చెవి – అన్నిటి పనికీ ‘చూచు’ ఒక్కటే చాలింది. వీటిలో ఏ ఒక్కచోటా ‘కను’ చెల్లదు.

మేడిపండు మీద వేమన చెప్పిన పద్యం మీకు కంఠతా వచ్చే ఉంటుంది. అందులో ‘చూడ’ అనే మాట రెండుసార్లు వస్తుంది. మొదటి చూడడం పైపైది, అక్కడ మేలిమి కనబడింది. రెండోది ‘పొట్ట విప్పి చూడ’ – చేత్తో చీల్చి, పనిగట్టుకుని చూడడం, అక్కడ పురుగులు కనబడ్డాయి. మీరడిగిన క్త్వార్థకం మీది చూచు అక్కడుంది: విప్పడం జరిగిపోయింది, ఫలితం బయటపడింది.

సంస్కృతం కూడా ఇంచుమించు ఇదే దారిలో నడిచింది. ‘ఈక్ష్’ అంటే చూచుట. దానికి పరి చేర్చితే పరీక్ష, అంటే చుట్టూ తిరిగి చూడడం. ఉప చేర్చితే ఉపేక్ష, మన ‘చూసీ చూడనట్టు ఊరుకోవడం’. నిరీక్షణకు సంస్కృతంలో పరిశీలనగా చూడడమని అర్థం కాగా, తెలుగులోకి వచ్చి అది ఎదురుచూడడం అయింది. తెలుగువారు ఆ పరాయి మాటను తమ ‘ఎదురుచూపు’ అచ్చులో పోసుకున్నారని నాకు అనిపిస్తుంది.

సహాయక్రియగా చూచుకు ‘కొను’ చేరితే అర్థం మరొక మెట్టు ఎక్కుతుంది. ‘అత్తగారిని బాగా చూసుకుంటోంది’ అంటే అన్నం పెట్టి, మందులిచ్చి, మాట్లాడి, అవసరం కనిపెట్టి నడుచుకోవడం. ‘ఆ ముసలాయనను చూసేవాళ్లు లేరు’ అని పల్లెలో ఎవరైనా అంటే, ఆయన ఎవరికీ కనబడడం లేదని కాదు. రోజూ వీధి అరుగు మీద పదిమందికి కనబడుతూనే ఉంటాడు. చూసేవాళ్లు మాత్రం లేరు. ఇదే ‘చూసుకొను’ పంతం మీద కూడా వస్తుంది. ‘నువ్వో నేనో చూసుకుందాం’, ‘నీ సంగతి చూస్తా’, ‘అంతు చూస్తా’ అన్నవి అలాంటివి. ‘చూస్తూ చూస్తూ పిల్లను ఆ ఇంటికి ఎలా ఇస్తాము?’ అన్నప్పుడు అది తెలిసి తెలిసీ అని అర్థం. ‘చూస్తుండగానే ఎదిగిపోయాడు’ అన్నప్పుడు కాలం ఎంత త్వరగా గడిచిందో చెప్పడం. ‘చూసి చూసి వెళ్లిపోయాడు’ అన్నప్పుడు కాలం గడవకపోవడం. ఈ మూడింటినీ వేరే మాటలతో ఇంత క్లుప్తంగా చెప్పడం సాధ్యమని నేను అనుకోను.

చివరగా, మీరు రాసేవారు కాబోతున్నారు కనుక ఒక మనవి. తుమర్థకం మీది చూచు ఇప్పటికీ జనం నోట బతికే ఉంది. ‘కొట్టజూశాడు’, ‘ఎగ్గొట్టజూస్తున్నాడు’ అని కొందరు, ‘కొట్టాలని చూశాడు’, ‘ఎగ్గొట్టాలని చూస్తున్నాడు’ అని మరికొందరు అంటూనే ఉంటారు. అచ్చులో మాత్రం దాని చోటును ‘ప్రయత్నం’ అనే ఒక్క మాట ఆక్రమించింది. ‘నిందితుడు గోడ దూకి పారిపోయే ప్రయత్నం చేయడం జరిగింది’ అని రాసిన వాక్యాన్ని నిన్ననే ఒకచోట చదివాను. దానిని మీ స్నేహితుడికి ఇచ్చి సగానికి తగ్గించమని అడగండి. ‘నిందితుడు గోడ దూకి పారిపోజూశాడు’ అని ఆయన రాస్తే, చంపఁజూచెను ఆయనకు అర్థమైనట్లే.